పెరిగిన కుక్కపిల్లకు తోక తీయించాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

డాబర్‌మన్, రాట్‌వైలర్, బాక్సర్, కాకర్ స్పానియల్ పిల్లలను కొత్తగా తెచ్చుకున్నవాళ్లు నాకు ఫోను చేస్తే మొదట అడిగేది తిండి గురించో, టీకాల గురించో కాదు. తోక గురించి. "మేము చూసిన డాబర్‌మన్‌లన్నిటికీ పొట్టి తోకే ఉంది. మా దానికి మాత్రం పొడుగ్గా ఉంది. ఇప్పుడు కోయించవచ్చా?" అని. నేను పశువైద్యం చదువుకోలేదు. విజయవాడలో పద్దెనిమిదేళ్లుగా కుక్కలను పెంచుతున్నాను. ఆపరేషన్ బల్ల దగ్గర వాటిని పట్టుకుని నిలబడ్డాను, ఇంటికి తెచ్చి కట్లు మార్చాను. పదేపదే వచ్చే ప్రశ్నలకు ఆ అనుభవంతోనూ, వైద్యుల దగ్గర నేర్చుకున్నదానితోనూ జవాబులు రాస్తున్నాను.

మా డాబర్‌మన్ పిల్లకు మూడు నెలలు. ఇప్పుడు తోక తీయించవచ్చా?

వద్దు. తోకకు మానని గాయమో, కణితో, నుజ్జయిన ఎముకో ఉండి వైద్యుడే తీయాలని చెబితే అది వేరే సంగతి. ఆరోగ్యంగా ఉన్న తోకను అందం కోసం తీయించకండి.

తోక కత్తిరించే ఆచారం ఉన్నచోట కూడా ఆ పని పుట్టిన మూడు నుంచి ఐదు రోజుల లోపే చేస్తారు. అప్పటికి పిల్ల కళ్లు కూడా తెరవదు, తోక ఎముకలు ఇంకా మెత్తగా ఉంటాయి. మూడు నెలల పిల్ల విషయం అలా కాదు. ఎముకలు గట్టిపడి ఉంటాయి, రక్తనాళాలు పెద్దవై ఉంటాయి, తోక మీద దానికి పూర్తి పట్టు వచ్చి ఉంటుంది. అప్పుడు చేసేది పూర్తి మత్తు ఇచ్చి ఒక అవయవాన్ని తొలగించే ఆపరేషన్. మనిషికి వేలు తీసేయడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పసికూనకు చేసేదానికీ, దీనికీ పేరు మాత్రం ఒకటే కావడంతో జనం పొరబడుతున్నారు.

ఐదో రోజున బ్రీడర్ చేస్తే తప్పు కాదు, మేము చేయిస్తేనే తప్పా?

ఐదో రోజున చేసినా సరైనదని నేను అనడం లేదు. "అప్పటికి నరాలు రావు, నొప్పి తెలియదు" అని చాలామంది నమ్మకంగా చెబుతారు. నరాలు అప్పటికే ఉంటాయి. ఆస్ట్రేలియాలో 50 డాబర్‌మన్ పిల్లలకు తోక కోస్తున్నప్పుడు గమనించి, 1996లో ఫలితాలు ప్రచురించారు. కోసిన క్షణంలోనూ, కుట్టు వేస్తున్నప్పుడూ అవి గట్టిగా కీచుమన్నాయి. తర్వాత కాసేపటికి తల్లి పక్కన సర్దుకుని నిద్రపోతాయి కాబట్టి చూసేవాళ్లకు ఏమీ కానట్టు అనిపిస్తుంది.

మీ వరకు వస్తే ఇంకో విషయం ఉంది. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అంటే నియమం ప్రకారం కొన్న ఏ పిల్లా మీ ఇంటికి వచ్చేసరికి ఆ ఐదు రోజుల గడువులో ఉండదు. కొనుక్కున్నవాళ్లు ఎప్పుడు ఈ ప్రశ్న అడిగినా అది పెరిగిన పిల్ల గురించే అవుతుంది, జవాబు పెద్ద ఆపరేషన్ గురించే అవుతుంది. "తర్వాత మీరే తీయించుకోండి, చిన్న పనే" అని అమ్మినవాళ్లు చెబితే ఆ మాట పట్టుకుని బయలుదేరడం కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టే.

ఆపరేషన్‌లో అసలు ఏం చేస్తారు? వివరంగా చెప్పండి.

చెబుతాను. ఈ వివరాలు విన్నాక చాలామంది మనసు మార్చుకున్నారు.

ముందు పిల్ల కడుపు ఖాళీగా ఉండాలి. చిన్న పిల్లలను ఎక్కువసేపు పస్తు ఉంచితే రక్తంలో చక్కెర పడిపోతుంది కాబట్టి ఎన్ని గంటలన్నది వైద్యుడే లెక్కగట్టి చెబుతారు. మత్తుకు తట్టుకుంటుందో లేదో తెలుసుకోవడానికి రక్తపరీక్ష చేస్తారు. ముందుకాలికి సూది గుచ్చి సెలైన్ గొట్టం పెడతారు. పిల్ల మత్తులోకి వెళ్లాక తోక చుట్టూ వెంట్రుకలు గీసి, మందుతో కడిగి, రక్తం ఆగడానికి తోక మొదట్లో బిగించి కడతారు.

కుక్క తోకలో సాధారణంగా ఇరవై దాకా చిన్న చిన్న ఎముకలు ఉంటాయి. అవి వెన్నెముకకు కొనసాగింపే. వైద్యుడు చర్మాన్ని తోక మొదలు వైపు వెనక్కి లాగి పట్టి, రెండు ఎముకల మధ్య కీలు ఎక్కడుందో వేలితో తడిమి చూస్తారు. ఆ కీలుకు కాస్త కింద చర్మాన్ని రెండు మడతలుగా వచ్చేలా కోస్తారు. లోపల కింది వైపున నడిచే పెద్ద రక్తనాళాన్ని, పక్కల ఉన్నవాటిని దారంతో ముడివేసి, కండరాలు, నరాలు కోసి, కీలు దగ్గర ఎముకను విడదీస్తారు. మిగిలిన ఎముక కొసను కప్పేలా చర్మాన్ని దగ్గరకు తెచ్చి రెండు వరుసల్లో కుడతారు. చర్మం చాలినంత వదలకుండా బిగించి కుడితే తర్వాత ఆ కొస పగిలి ఎముక బయటికి కనిపిస్తుంది. అప్పుడు ఇంకొంచెం పైకి కోసి మళ్లీ కుట్టాలి.

కుట్లు విప్పడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అన్నాళ్లూ పిల్ల మెడకు గరాటు లాంటి ప్లాస్టిక్ కాలర్ ఉండాలి. నొప్పి మందులు వాడాలి. పరుగులు, స్నానం ఉండకూడదు. మలవిసర్జన చేసే చోటికి అంత దగ్గరలో ఉన్న గాయాన్ని శుభ్రంగా ఉంచడం మాటలు కాదు.

అంత కష్టమా? మా పక్కింటివాళ్ల కుక్కకు వారంలో మానిపోయిందట.

మానేవి చాలా ఉన్నాయి. మంచి వైద్యుడు, మంచి మందులు, కనిపెట్టుకుని ఉండే ఇల్లు ఉంటే ఎక్కువ భాగం మానతాయి. మానకపోతే ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూశాను కాబట్టి చెబుతున్నాను.

తెలిసినవాళ్ల బాక్సర్ పిల్ల, పేరు రాణి. పది వారాల వయసులో దానికి తోక తీయించారు. ఎవరు చేశారన్నది ఇక్కడ రాయను. నాలుగో రోజు నన్ను పిలిచారు. వరండాలో గోనెసంచి మీద పడుకుని ఉంది. లేచి కూర్చోవడానికి ప్రయత్నిస్తుంది, వెనకభాగం నేలకు తగలగానే ఉలిక్కిపడి పక్కకు ఒరిగిపోతుంది. సంచి మీద అక్కడక్కడా రూపాయి బిళ్లంత రక్తపు మరకలు. రాత్రి కాలర్ ఊడబెరుక్కుని రెండు కుట్లు కొరికేసింది. తోక మొండి చివర చర్మం విడిపోయి తెల్లగా ఎముక కొస కనబడుతోంది. నన్ను చూసి అలవాటు ప్రకారం తోక ఊపబోయింది. ఊపబోయిన ప్రతిసారీ ఆ మొండి కదిలి నొప్పెట్టి వెనక్కి తిరిగి చూసుకుంటోంది. సంతోషపడితే నొప్పి ఎందుకు వస్తోందో దానికి అర్థం కాలేదు. రెండోసారి మత్తిచ్చి, ఇంకో ఎముక తీసి, మళ్లీ కుట్టారు. రాణి ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఇప్పటికీ ఎవరైనా తోక దగ్గర చేయి వేస్తే గుర్రుమంటుంది.

తెగిన నరం కొసన ఉండలా పెరిగి, తాకితే సలుపు పెట్టడం వైద్యులకు తెలిసిన సమస్యే. తోక తీసిన ప్రతి కుక్కకూ అది రాదు. ఏ కుక్కకు వస్తుందో మాత్రం ముందుగా చెప్పలేరు.

తోకతో కుక్కకు అంత పనేముంది?

మన భాషనే అడిగి చూడండి. భయపడి పారిపోయినవాడిని తోక ముడిచాడంటాం. మితిమీరినవాడితో తోక జాడించకు అంటాం. ఒకరి చుట్టూ తిరిగేవాడిని తోక ఊపుతున్నాడంటాం. ఇవన్నీ కుక్క తోకను తరతరాలుగా చూసి పుట్టిన మాటలు. తోక కుక్కకు నాలుకతో సమానం.

ఇటలీలో 2007లో 30 కుక్కలతో చేసిన ఒక పరిశీలనలో, యజమానిని చూసినప్పుడు తోక కాస్త కుడి వైపుకు ఎక్కువగా, పరిచయం లేని పెత్తందారీ కుక్కను చూసినప్పుడు ఎడమ వైపుకు ఎక్కువగా ఊగుతుందని తేలింది. కెనడాలో ఇంకొందరు కుక్క ఆకారంలో బొమ్మ చేసి, రిమోట్‌తో తోక ఊపిస్తూ బయట తిరిగే కుక్కలు ఏం చేస్తాయో చూశారు. అది 2008లో అచ్చయింది. పొడుగు తోక ఉన్న బొమ్మ తోక ఊపుతుంటే ఆకారంలో పెద్ద కుక్కలు ధైర్యంగా దగ్గరికి వచ్చాయి, ఊపకుండా నిలబెడితే జంకాయి. పొట్టి తోక పెట్టినప్పుడు మాత్రం అది ఊగుతోందా ఆగిందా అన్న తేడా వాటికి పట్టలేదు. ఎదుటి మనిషి చేతులు చాచి పలకరిస్తున్నాడో, పిడికిలి బిగించాడో తెలియకపోతే మన పరిస్థితి ఎలా ఉంటుందో వాటిదీ అలాంటిదే. మన వీధుల్లో ప్రతి మలుపులో నాలుగు కుక్కలు ఎదురయ్యే చోట ఇది చిన్న విషయం కాదు.

మా సీజర్ డాబర్‌మనే, నిండు తోకతో ఉంటుంది. సాయంత్రం గేటు చప్పుడు కాగానే దాని తోక సోఫా చేతికి టప్ టప్ మని తగులుతుంది. ఆ చప్పుడు వేగాన్ని బట్టి వచ్చింది ఇంట్లోవాళ్లా, తెలిసినవాళ్లా, కొత్తవాళ్లా అని వంటింట్లోంచే మాకు తెలిసిపోతుంది.

తోక లేకపోతే కుక్క నడవలేదనీ, తూలి పడుతుందనీ భయపెట్టేవాళ్లు కూడా ఉన్నారు. అది సరికాదు. ఈతలోనూ, ఒక్కసారిగా మలుపు తిరిగేటప్పుడూ కొంత తోడ్పడుతుందేమో గానీ, తోక లేని కుక్కలు చక్కగా పరుగెత్తుతాయి. నా అభ్యంతరం మాట పోవడం గురించి, అనవసరమైన కోత గురించి.

ముందే తీసేస్తే తర్వాత తోకకు దెబ్బ తగలదు కదా?

ఈ వాదనకు లెక్క ఉంది. బ్రిటన్‌లో లక్షా ముప్ఫై ఎనిమిది వేలకు పైగా కుక్కల వైద్య వివరాలు పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో తోక గాయాలైనవి 281 మాత్రమే. ఒక్క తోక గాయాన్ని తప్పించాలంటే దాదాపు 500 కుక్కలకు తోక కోయాలని లెక్కగట్టారు. ఇంట్లో సోఫా మీద పడుకునే మీ పిల్ల కోసం ఆ లెక్కలో ఏ వైపు నిలబడాలో మీరే చూడండి.

కాపలా కుక్కకు తోక ఉంటే దొంగ పట్టుకుంటాడంటారు. తోక తీస్తే రోషం పెరుగుతుందంటారు.

తోకలో రోషం ఉండదు. కాపలా గుణం జాతి స్వభావంతో, పెంపకంతో, చిన్నప్పుడు మనుషులకూ చప్పుళ్లకూ అలవాటు చేసిన తీరుతో, శిక్షణతో వస్తుంది. పోలీసు జాగిలాల్లో ఉండే జర్మన్ షెపర్డ్‌లు, బెల్జియన్ మాలినోయిలు, లాబ్రడార్లు అన్నీ పూర్తి తోకతోనే పనిచేస్తాయి. తోక పట్టుకోగలిగినంత దగ్గరికి వచ్చిన దొంగ అప్పటికే కుక్క పళ్లకు అంతకంటే దగ్గరగా ఉంటాడు.

మనవైపు కొల్లేటి ప్రాంతంలో పుట్టిన జోనంగి కుక్కలను చూడండి. చేపల చెరువుల మీద, కోళ్ల మీద కాపలాకు పేరుపడ్డాయి. వాటి తోక వీపు మీదికి చుట్టుకుని ఉంటుంది. దాన్ని కోయాలని అక్కడివాళ్లకు ఎవరికీ తోచలేదు.

తోక ఉంటే జాతి కుక్క కాదంటున్నారు. కాగితాలు రావా?

పిల్ల నమోదుకు కావలసింది తల్లిదండ్రుల నమోదు, మైక్రోచిప్. తోక పొడవు కాదు. అంతర్జాతీయ కెనల్ సమాఖ్య ఎఫ్‌సీఐ ప్రమాణంలో డాబర్‌మన్ తోక సహజంగానే ఉండాలని రాసి ఉంది, రాట్‌వైలర్‌కూ అంతే. ఈ రెండు జాతులూ పుట్టిన జర్మనీలోనే 1998 నుంచి తోక కోయడం నిషేధం. పొట్టి తోకే అసలైన డాబర్‌మన్ అని మనవాళ్లు పట్టుకుని కూర్చున్నారు గానీ, సొంత ఊరిలోనే ఆ రూపం మారిపోయి చాలా ఏళ్లయింది.

పొట్టి తోకతోనే పుట్టే జాతులు కొన్ని ఉన్నాయి. పెంబ్రోక్ కోర్గీల్లో, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలో ఒక జన్యువు మార్పు వల్ల అలా పుట్టేవి ఉంటాయి. డాబర్‌మన్ పొడుగు తోకతోనే పుడుతుంది.

ఈ ఆచారం ఎక్కడ మొదలైంది?

రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ వ్యవసాయ రచయిత కాలమెల్లా, పుట్టిన నలభయ్యో రోజున తోక కొస తీసేస్తే కుక్కకు పిచ్చి పట్టదని రాశాడు. రేబిస్‌కు కారణం వైరస్ అని తెలియని కాలం అది. ఇప్పుడు మూడు నెలలకు వేసే టీకా ఉంది. ఆ తర్వాత వేట కోసమనీ, పశువులు తోలే కుక్కల కోసమనీ రకరకాల కారణాలు వచ్చి చేరాయి. చివరికి మిగిలింది చూసే కంటి అలవాటు.

మన దేశంలో చట్టం ఏమంటోంది?

1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం జంతువు అంగాన్ని ఛేదించడం నేరం. అదే సెక్షన్‌లో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. పశువులకు కొమ్ములు తీయడం, విత్తులు కొట్టించడం, వాతలు వేయడం, ముక్కుతాడు పొడవడం నిర్ణీత పద్ధతిలో చేస్తే నేరం కాదు. ఆ జాబితాలో కుక్క తోక లేదు. చట్టంలో రాసిన జరిమానా మొదటిసారికి 10 నుంచి 50 రూపాయలు మాత్రమే. 1960లో పెట్టిన ఆ అంకె ఇంతవరకు మారకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

భారత పశువైద్య మండలి 2011లో తోకలు, చెవులు కోయవద్దని వైద్యులకు లేఖ పంపింది. దాన్ని మద్రాసు హైకోర్టు 2013లో కొట్టివేసింది. ఆ తీర్పును చూపించి "కోర్టు అనుమతించింది" అని చెప్పేవాళ్లున్నారు. కొట్టివేసింది మండలి లేఖను. 1960 చట్టం అలాగే ఉంది. అందంకోసమైతే చేసేది లేదని ముఖం మీదే చెప్పే వైద్యులు మన ఊళ్లలో ఇప్పుడు బాగా పెరిగారు. అలాంటి వైద్యుడు దొరికితే వదులుకోకండి. మీ కుక్కకు జీవితాంతం ఆయనే చాలు.

అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మా పిల్లలు అడుగుతున్నారు. అక్కడ ఎలా?

ఇంగ్లండ్‌లో 2007 నుంచి నిషేధం. పనికి వాడే కొన్ని రకాల కుక్కలకు మాత్రం ఐదు రోజుల వయసు దాటకముందే వైద్యుడు చేయవచ్చు. పెరిగిన పిల్లకు అందం కోసం కుదరదు. ఆస్ట్రేలియాలో ఇప్పుడు అంతటా నిషేధమే. అమెరికాలో ఇంకా జరుగుతోంది గానీ, అక్కడి పశువైద్యుల సంఘం అందం కోసం కోయడాన్ని వ్యతిరేకిస్తోంది, ఒప్పుకోని ఆసుపత్రులు చాలా ఉన్నాయి.

రబ్బరు బ్యాండు వేస్తే మత్తు అక్కర్లేకుండా తోక దానంతట అదే రాలిపోతుందట.

దయచేసి ఆ పని చేయకండి. రాలిపోవడం అంటే రక్తం అందక బతికున్న అవయవం కుళ్లి ఊడిపోవడం. పెరిగిన పిల్లకు వేస్తే రోజుల తరబడి నొప్పి, వాపు, దుర్వాసన. మన వేడికి, ఈగలకు రెండు మూడు రోజుల్లో పురుగులు పడతాయి. ఆ కుళ్లు పైకి పాకితే ప్రాణం మీదికి వస్తుంది, ధనుర్వాతం ప్రమాదం కూడా ఉంది.

ఎవరైనా ఇప్పటికే వేసి ఉంటే వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. బ్యాండు చర్మంలోకి దిగిపోయి వెంట్రుకల కింద కనిపించకపోవచ్చు. వేలితో తడిమితే గీతలా తగులుతుంది. బ్లేడుతో మీరే కోయడానికి ప్రయత్నించవద్దు. కత్తితో నరికిన గాయమైతే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి బయలుదేరండి. కాఫీపొడి, పసుపు, సున్నం పెట్టకండి. మనం వేసుకునే నొప్పి మాత్రలు అసలే వద్దు. ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ కుక్కలకు విషంతో సమానం కావచ్చు.

మరి తోక ఎప్పుడు తీయాలి?

కారు చక్రం కింద పడి నుజ్జయినప్పుడు, తలుపులో పడి చర్మం ఒలిచినట్టు ఊడిపోయినప్పుడు, కణితి వచ్చినప్పుడు, తోక లోపలికి మెలితిరిగి మడతల్లో ఎప్పుడూ చీము పడుతున్నప్పుడు, కొసన గాయం ఎన్ని కట్లు కట్టినా మానకుండా నెలలు గడుస్తున్నప్పుడు. వీటిలో ఏదైనా ఉంటే సంకోచించకండి. అప్పుడు తోక ఉంచాలని పట్టుబట్టడమే కుక్కను బాధపెట్టడం. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స చేసే నిపుణులు ఉంటారు.

మా కుక్క తోకను గోడకు కొట్టుకుని రక్తం చిమ్ముతోంది. అదీ కారణమేనా?

వెంటనే కాదు. గ్రేట్ డేన్, లాబ్రడార్ లాంటి పెద్ద కుక్కల్లో ఇది మామూలే. తోక కొసన చర్మం పలచగా ఉంటుంది, ఊపిన ప్రతిసారీ చిట్లుతుంది. గోడంతా రక్తపు చారలు చూసి ఇంట్లోవాళ్లు హడలిపోతారు. ముందు వైద్యుడి చేత మెత్తటి కట్టు కట్టించి, ఇరుకు నడవలో కాకుండా వెడల్పయిన చోట ఉంచండి. ఇంటికి రాగానే కేకలు వేస్తూ పలకరించకుండా, అది కుదుటపడ్డాక పలకరించండి. చాలావాటికి ఇంతే సరిపోతుంది. ఎంతకీ మానకపోతే కొస మాత్రం తీయడం గురించి వైద్యుడే చెబుతారు.

బ్రీడర్ సగం కోసి వదిలేశాడు. చూడ్డానికి బాగాలేదు. సరిచేయించాలా?

పుండు లేదు, నొప్పి లేదు అంటే అక్కర్లేదు. ఒకసారి కోత పడిన పిల్లను మన కంటికి నచ్చలేదని రెండోసారి బల్ల ఎక్కించకండి.

చెవులు కూడా అప్పుడే కోయించమంటున్నారు.

దానికీ ఇదే జవాబు. చెవుల కోత రెండు మూడు నెలల వయసులో చేస్తారు. కట్టు కట్టి చెవిని నిలబెట్టడానికి వారాలు పడుతుంది, పిల్ల మనుషులతో చెలిమి నేర్చుకోవలసిన కాలమంతా కట్లలో గడిచిపోతుంది.

మా నాన్నగారు ఒప్పుకోవడం లేదు. "తోక ఉంటే వీధికుక్కలా ఉంది, నలుగురూ నవ్వుతారు" అంటున్నారు.

పెద్దవాళ్లతో చట్టం గురించి, అధ్యయనాల గురించి వాదిస్తే పట్టుదల పెరుగుతుంది. ఆయనను ఆ పిల్లకు అన్నం పెట్టమనండి. రోజుకు రెండు పూటలా, పదిరోజుల పాటు ఆయన చేత్తోనే. గిన్నె చప్పుడు వినగానే ఆ తోక ఆయన కోసమే ఊగడం ఆయన చూడాలి. మా మామయ్య కూడా సీజర్ వచ్చిన కొత్తలో ఇదే మాట అన్నారు. నెల తిరిగేసరికి, వచ్చిన చుట్టాలకు "చూడండి, నన్ను చూస్తే కుడివైపుకే ఊపుతుంది" అని ఆయనే చూపించడం మొదలుపెట్టారు.

మేము ఇప్పటికే తీయించేశాం. ఇది చదివాక మనసు పాడైంది.

తెలియక చేశారు. మీ చుట్టూ ఉన్న పది మందీ అదే మంచిదన్నారు. ఇప్పుడు చేయగలిగింది చూడండి. గాయం ఇంకా పచ్చిగా ఉంటే రోజూ రెండుసార్లు చూడండి. ఎర్రబారినా, వాచినా, చీము వాసన వచ్చినా, పిల్ల తిండి మానేసినా ఆలస్యం చేయకండి. కాలర్ తీయమని అది ఎంత గారాబం చేసినా తీయకండి. మానిపోయాక కూడా అది పదేపదే ఆ చోటును నాకుతున్నా, తాకితే అరుస్తున్నా వైద్యుడికి చూపించండి. నరం కొస సమస్యకు చికిత్స ఉంది.

తోక లేని కుక్క తన మాటను వేరే చోట్ల చెప్పుకుంటుంది. చెవులు వెనక్కి వెళ్లడం, నడుం మొత్తం ఊగడం, మెడ మీద వెంట్రుకలు లేవడం, నోరు బిగించడం గమనించడం నేర్చుకోండి. వీధిలో కొత్త కుక్కలు ఎదురైతే మీరే ముందుండి కాస్త దూరంగా ఉంచండి, ఎందుకంటే అవతలి కుక్కలకు మీ దాని మాట సరిగా వినబడదు.

వచ్చే మంగళవారం ఆపరేషన్‌కు సమయం తీసుకున్నాం. ఇప్పుడు రద్దు చేస్తే బాగుంటుందా? అడ్వాన్సు కూడా ఇచ్చాం.

రద్దు చేయండి. ఈరోజే ఫోను చేసి, తోక తీయించడం వద్దనుకున్నామని ఒక్క మాట చెబితే చాలు, కారణాలు చెప్పనక్కర్లేదు. అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోతే ఆ డబ్బును టీకాలకూ, నులిపురుగుల మందుకూ సర్దుబాటు చేయమని అడగండి. మూడు నెలల పిల్లకు రేబిస్ టీకా ఎలాగూ వేయించాలి, పార్వో (రక్తవిరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) టీకాల వరుస పూర్తయిందో లేదో చూపించుకోవాలి. మంగళవారం అదే సమయానికి వెళ్లండి. పిల్లను పస్తు పెట్టకుండా, పొద్దున్నే పెరుగన్నం పెట్టి తీసుకెళ్లండి.